తాడు మీది క్లిప్పులు, నా మూడు ఫైళ్లు

ఈ మధ్య బట్టల క్లిప్పులు మరీ నాసిగా వస్తున్నాయి. ప్లాస్టిక్కు ఎండకు పెళుసెక్కి విరిగిపోవడం సరే, అది దాని ధర్మం. నా ఫిర్యాదు లోపలి స్ప్రింగు మీద. సముద్రం గాలికి రెండు నెలల్లో తుప్పు పట్టి, ఆ తుప్పును చొక్కా భుజం మీద రెండు గీతలుగా దించేస్తుంది. నా లేత రంగు చొక్కాలన్నిటికీ ఇప్పుడా గీతలున్నాయి. వీడియో కాల్‌లో చూసే ఆఫీసువాళ్లు అది డిజైనేమో అనుకున్నారు. ఒకాయన ఎక్కడ కొన్నావని కూడా అడిగాడు. మాకు దగ్గర్లోనే దొరుకుతాయి సార్ అన్నాను.

నా చొక్కాలకు తుప్పు క్లిప్పులే దక్కడానికి కారణం, మంచివన్నీ మా అక్క తీసేసుకోవడం. ఆవిడకు వాటితో బట్టలకంటే ముఖ్యమైన పని ఉంది.

మాది మైపాడుకు కాస్త అవతల, అలల చప్పుడు అలవాటైపోయి ఎవరికీ వినపడని ఊరు. బావ ఇంకో ముగ్గురితో కలిసి ఫైబర్ బోటు మీద వేటకు వెళ్తాడు. నేను నెల్లూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు పనిచేస్తూ, ఇంట్లోంచే చేయొచ్చని వాళ్లు అన్నప్పటినుంచి అక్కావాళ్ల ముందుగదిలో బల్ల వేసుకున్నాను. తాత్కాలికంగానే. ఆ బల్ల మీద ఇప్పుడు పచ్చడి జాడీలు కూడా ఉన్నాయి కాబట్టి ఇక తాత్కాలికం అనడం బాగుండదు.

పెరట్లో మునగచెట్టుకూ గోడకూ మధ్య ఒక తాడుంటుంది. ఇంట్లోంచి ఏది బయటికి పోయినా అక్క ఒక క్లిప్పును మునగచెట్టు వైపుకు జరుపుతుంది. అది తిరిగొస్తే గోడ వైపుకు జరుపుతుంది. బావ వేటకు పోతే ఒక క్లిప్పు. మేకలు మేతకు పోతే ఒకటి. నేను నెల్లూరు పోతే ఒకటి. గ్యాసు బండ బుక్ చేస్తే ఒకటి. పక్కింటావిడ అట్లపెనం తీసుకుపోతే ఒకటి, ఆ క్లిప్పు ఒకసారి పద్దెనిమిది రోజులు మునగచెట్టు వైపే ఉండిపోయింది. పక్కింటావిడ మా పెరట్లోకి వచ్చినప్పుడల్లా దాన్ని చూసేది, ఏమీ అనేది కాదు.

ఇది అక్క కనిపెట్టింది కాదు. వాళ్లత్త పాత వల ముక్కలు కట్టేదట. వేటకు పోయేవాణ్ని ఎప్పుడొస్తావని అడగకూడదు మా వాళ్లలో. అడిగితే ఆ రోజుకు బోటు కదలదు. కాబట్టి నోటితో అడగాల్సింది తాడును అడిగేవాళ్లు.

ఇంజనీరింగు చదివిన కొత్తలో నేను ఈ పద్ధతిని మెరుగుపరచబోయాను.

"అక్కా, బావకు నీలం క్లిప్పు, మేకలకు ఆకుపచ్చ, నాకు ఎరుపు పెట్టుకో. చూడగానే ఏది పోయిందో తెలిసిపోతుంది."

"ఏది పోయిందో నాకు తెలీదా? నేనే గదా పంపించింది."

"మరి తాడు ఎందుకు?"

"వచ్చిందా రాలేదా అని. దానికి రంగుతో ఏం పని అబ్బయా?"

అప్పుడు నాకది చదువులేని మాటగా అనిపించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు, ఆ మాటను నేర్చుకోకుండా ఉండేందుకు నాకు జీతం ఇచ్చారు.

మా ఆఫీసు చేసే పని చెప్పడానికి తేలిక. ఒక చిన్న డబ్బా ఉంటుంది. అది కొద్దికొద్దిసేపటికి నేనున్నాను, బాగానే ఉన్నాను అని మాకు కబురు పంపుతుంది. చెప్పిన గడువు దాటి మాట్లాడకపోతే మా ప్రోగ్రాము సంబంధించినవాళ్లకు ఫోన్ చేసి, మెసేజీ కూడా పెడుతుంది. మొదట దీన్ని రొయ్యల గుంటలకు పెట్టాం. గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు ఆగిపోతే గాలి అందక రొయ్యలు తేలతాయి. కరెంటు పోయినా మోటారు కాలినా డబ్బా మూగబోతుంది, రైతుకు ఫోన్ పోతుంది. ఆ ప్రోగ్రాము నేనే రాశాను. బాగానే రాశాను. నా గురించి నేను చెప్పుకోగలిగిన మంచి మాట అదొక్కటే కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను.

తర్వాత ముత్తుకూరు వైపు తిరిగే ఐసు లారీలవాళ్లు వచ్చారు. పెట్టెలో చల్లదనం చూసే డబ్బా కావాలన్నారు. పని అదే, వస్తువు వేరు. అప్పుడు నేను కాలేజీలో నేర్పినట్టుగా చేయబోయాను.

మనకొక అలవాటుంది. బస్సులో పక్కసీటు మనిషితో ఇందుకూరుపేట దాటేలోపు ఏదో ఒక చుట్టరికం కలుపుకుంటాం. ప్రోగ్రాముల్లో కూడా ఆ సదుపాయం ఉంది. ఒక తండ్రిని తయారుచేసి, మిగతావాటిని ఆయన పిల్లలుగా ప్రకటిస్తే, తండ్రికి తెలిసిన పనులన్నీ పిల్లలకు పుట్టుకతో వచ్చేస్తాయి. ఒక్కచోట రాస్తే చాలు. నేను గుంటకూ లారీకీ ఒక తండ్రిని పెట్టాను. ఇద్దరికీ కావలసినవన్నీ తండ్రి దగ్గర ఉండాలి కదా. కాబట్టి వారం తిరిగేసరికి నా లారీకి నీటి ఉప్పదనం ఎంత అనే గడి వచ్చింది. నా గుంటకు డ్రైవరు లైసెన్సు నంబరు వచ్చింది. గుంట లైసెన్సు ఖాళీగా ఉందని ప్రోగ్రాము రోజూ ఆగిపోయేది. ఆగకుండా దానికొక దొంగ నంబరు ఇచ్చాను. నెల్లూరు జిల్లాలో లైసెన్సున్న రొయ్యల గుంట బహుశా అదొక్కటే.

మా సార్, అంటే ఆఫీసులో నాకు పై ఆయన, ఇదంతా చూసి నవ్వలేదు. ఆయన నవ్వడు.

"ఎందుకయ్యా ఈ గోల. గుంటల ఫైలు పనిచేస్తా ఉందా లేదా?"

"చేస్తోంది సార్."

"దాన్నే కాపీ కొట్టి గుంట అన్న చోట లారీ అని పెట్టు. సాయంత్రానికి అయిపోద్ది."

సాయంత్రానికి కాదు, మధ్యాహ్నం టీకే అయిపోయింది. అంత సుఖం నాకు ఆ ఉద్యోగంలో మళ్లీ దొరకలేదు. తర్వాత బోట్లకు పెడదామన్న ఆలోచన వచ్చినప్పుడు ఎవరూ చర్చించనే లేదు. లారీ అన్న చోట బోటు అని పెట్టాను. గడువు నాలుగు గంటలు అన్నాను. ఎందుకు నాలుగంటే, లారీకి ఒకటి ఉంది, బోటు పెద్దది.

అలా ఒకే పని మూడు ఫైళ్లలో మూడుసార్లు రాసి ఉంది. బావ బోటుకు మొదటి డబ్బా నేనే బిగించాను. నా మాట మీద ఊళ్లో ఇంకో నాలుగు బోట్లవాళ్లు పెట్టించుకున్నారు. ఊళ్లో ఒక చదువుకున్నవాడు చెప్పాడని నమ్మడం మావాళ్లకు కొత్త, నమ్మించడం నాకూ కొత్త. అందరం కాస్త ఉత్సాహంగానే ఉన్నాం.

మూడు ఫైళ్లుంటే కష్టమేమిటో మొదట ఒక రొయ్యల రైతు చూపించాడు. ఆయన భోజనం చేసి కునుకు తీస్తున్నప్పుడు ఏరేటర్లు ఆగాయి. మా ప్రోగ్రాము ఫోన్ చేసింది. ఆయన ఎత్తలేదు. ఎత్తకపోయినా మా ప్రోగ్రాము, చేశాను కదా అని, సమాచారం అందించినట్టు రాసుకుని పచ్చరంగు పెట్టేసింది. ఆయన భార్య గుంట వైపు వెళ్లి చూసింది కాబట్టి సరిపోయింది. నేను ఆ తప్పు దిద్దాను. ఎత్తేదాకా పచ్చరంగు రాకూడదు. మొదటివాళ్లు ఎత్తకపోతే రెండో మనిషికి చేయాలి. డబ్బా పెట్టించుకునేవాళ్లు నింపే ఫారంలో రెండో మనిషి నంబరు కోసం ఒక గడి కలిపాను.

గుంటల ఫైలులో దిద్దాను. రెండు వారాలకు లారీల ఫైలులో దిద్దాను, అదీ ఒక డ్రైవరు గట్టిగా అడిగితే. బోట్ల ఫైలు తెరిచి, పైన ఒక వాక్యం రాసుకున్నాను: గుంటల ఫైలులో చేసిన మార్పు ఇక్కడ కూడా చేయాలి. దాని పక్కన తేదీ వేయలేదు. తేదీ వేస్తే తర్వాత సిగ్గుగా ఉంటుందని అప్పటికే తెలుసు. బోట్లవాళ్లెవరూ అడగలేదు, వేరే పనులొచ్చాయి, ఒక ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో నేను ఆ వాక్యాన్ని చాలాసార్లు చూశాను. చూసినప్పుడల్లా, మూడింటినీ కలిపి ఒకటి చేయాలి, ఇలా ముక్కలుగా దిద్దకూడదు అనుకునేవాణ్ని. పెద్ద పని చేయాలనుకునేవాడు చిన్న పని చేయకపోవడానికి ఎవరూ తప్పుపట్టరు. వాడు కూడా.

ఆ రోజు చలికాలం. బోట్లు తెల్లవారకముందే పోయాయి. తొమ్మిదిన్నరకు మిగతావన్నీ ఒడ్డుకు వచ్చేశాయి. అక్క లెక్కలో బావ గడువు, ఎండ వంటింటి గడప దాటేలోపు. పది దాటాక అక్క నా గది గుమ్మంలో నిలబడింది. చేతిలో చీపురుంది గానీ ఊడవడం లేదు.

"రేయ్, మీ బావ ఇంకా రాలా."

"వస్తాడులే అక్కా."

"నీ డబ్బా ఏమంటది?"

చూశాను. బావ బోటు పక్కన పచ్చచుక్క ఉంది.

"పచ్చగా ఉందక్కా. ఏమన్నా అయ్యుంటే ఈపాటికి ఫోన్ చేసుండేది."

"ఎవరికి?"

"ఎవరికి చెయ్యాలో వాళ్లకి." నేను మీటింగులో ఉన్నాను. లైసెన్సు గడిని తీసేయాలా వద్దా అని మాట్లాడుకుంటున్నాం.

ఆవిడ వెళ్లి పెరట్లో తాడు దగ్గర నిలబడింది. కిటికీలోంచి కనబడుతూనే ఉంది. నేను మీటింగు మాటలు వింటూ, మధ్యలో ఒకటి రెండుసార్లు పచ్చచుక్క చూసుకుని ధైర్యపడ్డాను. మా అక్కేమో తుప్పు పట్టిన స్ప్రింగును నమ్ముకుని నిలబడింది, నేను శాస్త్రీయంగా కూర్చున్నాను.

పదకొండుకు మళ్లీ వచ్చింది. ఈసారి చీపురు లేదు.

"ఇంకా పచ్చగానే ఉందా?"

"ఉంది."

"పచ్చ అంటే ఏంది?"

"అంతా సరిగ్గా జరిగిందని."

"ఏం జరిగింది సరిగ్గా?"

అన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. చుక్క మీద నొక్కి లోపలి వివరం తెరిచాను. బోటు ఆరింటికి చివరిసారి మాట్లాడింది. నాలుగు గంటలు గడిచాయి. పదింటికి ఒక వరుస ఉంది: యజమానికి సమాచారం పంపబడింది. పైకి చదివాను.

"యజమాని ఎవరు?"

నంబరు చదవడం మొదలుపెట్టాను. సగంలోనే ఆపింది.

"అది మీ బావ ఫోను గదా."

బావ ఫోను బావ దగ్గరే ఉంది, ప్లాస్టిక్ సంచిలో, మొలకు కట్టుకుని, బోటులో. ఫారంలో యజమాని నంబరు అని అడిగాం, ఆయన నిజాయితీగా తన నంబరు ఇచ్చాడు. మిగతా నాలుగు బోట్లవాళ్లూ అలాగే ఇచ్చారు. రొయ్యల గుంట యజమాని గుంటలో ఉండడు, ఇంట్లో ఉంటాడు. ఐసు లారీ యజమాని లారీలో ఉండడు. బోటు యజమాని మాత్రం బోటులో ఉంటాడు. ఈ సంగతి తెలియడానికి ఇంజనీరింగు అక్కర్లేదు, ఒడ్డున పుట్టి ఉంటే చాలు. నేను ఒడ్డున పుట్టాను. నా ప్రోగ్రాము సముద్రంలో తప్పిపోయిన మనిషికి, నువ్వు తప్పిపోయావని చెప్పడానికి ఫోన్ చేసి, ఆయన అందుబాటులో లేకపోతే పని పూర్తయిందని పచ్చచుక్క పెట్టుకుంది.

అక్క చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డు వైపు నడిచింది. నేను వెనకాల పరిగెత్తాను. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకడున్నాడు, బావ రాకపోతే అక్క ఎప్పుడూ ముందు ఆయనకే చెబుతుంది.

"పెద్దయ్యా, మా ఆయన రాలా. ఎండ గడప దాటి గంటైంది."

"గంటైందా? ఇప్పుడు చెప్తుండావేందమ్మా?"

అక్క నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది.

"వీడి మిషను బాగానే ఉందని చెప్పింది" అంది, అంతే.

పెద్దాయన వల పక్కన పెట్టి లేచాడు. ఇంకో బోటువాళ్లను కేకేశాడు. నేను ఫోను తీసి, ఏదో ఒక పనికి రావాలి కదా, ఆరింటికి బావ బోటు ఎక్కడుందో మ్యాపులో చూపించాను.

"ఆరింటికి ఇక్కడుండాడు పెద్దయ్యా."

ఆయన మర్యాదగా చూశాడు. "ఆరింటి సంగతి ఇప్పుడేం చేసుకునేది అబ్బయా. గాలి చూడు ఎట్టా కొడతందో. దక్షిణంగా పోయుంటాడు."

రెండు బోట్లు దక్షిణంగా పోయాయి.

తర్వాత మూడు గంటలకు పైగా ఒడ్డున కూర్చున్నాం. ఆ మూడు గంటల గురించి రాయడానికి ఎక్కువేమీ లేదు. ఎండగా ఉంది. ఎవరో అక్కకు చెప్పులు తెచ్చిచ్చారు, వేసుకోలేదు. బావతో పోయిన ముగ్గురి ఇళ్లవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, ఎందుకంటే అక్కకూ, వెతకబోయిన పెద్దాయనకూ తప్ప ఎవరికీ ఆ పచ్చచుక్క సంగతి తెలియదు. ఆవిడ చెప్పలేదు. ఒకావిడ నా పక్కన కూర్చుని, నీ డబ్బా ఉంది గదా నాయనా, భయం లేదులే అంది. నేను తలూపాను. సార్ రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఎత్తకపోతే రెండో మనిషికి పోవాలి, ఆఫీసులో నాకు రెండో మనిషి లేడు.

రెండున్నరకు పెద్దాయన బోటు కనబడింది. వెనకాల తాడుతో కట్టిన బావ బోటు. ఇంజను షాఫ్టు విరిగి, గాలికి కొట్టుకుపోతూ, లంగరు పట్టక, బాగా దిగువన, సిగ్నలు కూడా అందని చోట దొరికారట. నలుగురూ బాగానే ఉన్నారు. ఉన్న నీళ్లు తాగేసి, ఉన్న చలికంతా వణికి, ఆపైన ఎండకు కాలి, మొత్తం మీద బాగానే ఉన్నారు.

అక్క వాళ్లను చూసింది. నలుగురినీ వేలితో లెక్కపెట్టుకుంది. తర్వాత బావ దగ్గరికి పోకుండా ఇంటికి పోయింది. నేను వెనకే వెళ్తే, పెరట్లో క్లిప్పును గోడ వైపుకు జరిపి, చేయి తాడు మీదే ఉంచి కాసేపు నిలబడి ఉంది. నేను మళ్లీ ముందుగదిలోకి వచ్చేశాను.

సాయంత్రం బావ అరుగు మీద కూర్చుని టీ తాగుతూ నన్ను పిలిచాడు.

"బామ్మర్దీ, ఇట్రా. నీ మిషను నాకు కబురు పంపించింది."

ఫోను చేతికిచ్చాడు. ఒడ్డుకు దగ్గరికి వచ్చాక సిగ్నలు తగిలి అందిన సందేశం అది. నేనే రాసిన వాక్యం: మీ బోటు నాలుగు గంటలుగా స్పందించడం లేదు. దయచేసి పరిశీలించగలరు.

"పరిశీలించినా" అన్నాడు బావ. "నిజమే, స్పందించడంలా."

"బావా, తప్పు నాదే."

"దయచేసి అన్నావు గదా, అది బాగుంది. మా పెద్దయ్య కూడా అంత మర్యాదగా మాట్లాడలా నాతో." టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "నాకేం లేదు బామ్మర్దీ. మీ అక్కతోనే నీకు ఉంటది."

అక్కతో ఏమీ లేదు. అదే కష్టంగా ఉంది. అన్నం పెడుతోంది, కూర కావాలా అని అడుగుతోంది. రెండు రోజుల్లో మిగతా నాలుగు బోట్లవాళ్లు తమ డబ్బాలు విప్పి తెచ్చి మా అరుగు మీద పెట్టి పోయారు. పెట్టేటప్పుడు, వానకు తడవకుండా లోపల పెట్టుకో అబ్బయా అని చెప్పారు. బావ డబ్బాను అక్కే విప్పించి పచ్చడి జాడీల పక్కన, నా బల్ల మీద పెట్టింది. బోటు బాగయ్యాక ఆ డబ్బా మళ్లీ ఎక్కుతుందా లేదా అన్నది ఆవిడ చేతిలో ఉంది, బావ ఆ విషయంలో మాట్లాడడు.

సార్‌తో జరిగింది చెప్పాను.

"సమాచారం పంపబడింది అని కాకుండా, పంపుటకు ప్రయత్నించబడింది అని మారుద్దామా?" అన్నాడాయన.

నేను బోట్ల ఫైలు తెరిచాను. పైన నా వాక్యం ఉంది. అడిగినంత మార్పు చేసి ఊరుకోవచ్చు, పది నిమిషాల పని. కానీ నాలుగో ఫైలు వస్తుంది, ఐదోది వస్తుంది. వాటన్నిటి నెత్తిన ఇలాంటి వాక్యాలు రాసుకుంటూ నేను ముసలివాణ్నవుతాను. కిటికీలోంచి తాడు కనబడుతోంది. ఆ రోజు దాని మీద మునగచెట్టు వైపు రెండు క్లిప్పులున్నాయి. ఒకటి మేకలది. రెండోది ఏమిటో నాకు తెలియదు. తెలియకపోయినా, అది ఇంకా రాలేదన్నది తెలుస్తోంది.

మేకకూ గ్యాసు బండకూ బావకూ నాకూ తండ్రిని వెతకాలని అక్క ఎప్పుడూ అనుకోలేదు. చుట్టరికం అడగదు. ఎప్పుడు పోయింది, ఎప్పటికి రావాలి, రాకపోతే ఎవరిని కేకెయ్యాలి. మేకలైతే ఉప్పు పండించే కయ్యల దగ్గర ఉండే ఒకావిడను, బావ అయితే పెద్దాయనను, గ్యాసు బండైతే ఏజెన్సీలో ఉన్న మా మేనమామ కొడుకును. ఈ మూడూ చెప్పగలిగితే చాలు, ఏదైనా తాడెక్కుతుంది. తాడు మాత్రం ఒకటే. దీనికి ప్రోగ్రాములు రాసే మావాళ్లు ఇంటర్‌ఫేస్ అని పేరు పెట్టుకున్నారు. పరీక్షలో దాని మీద ప్రశ్న వచ్చింది, నాకు మంచి మార్కులే వచ్చాయి.

కొత్తగా ఒక ఫైలు తెరిచాను. అందులో గుంట అన్న మాట లేదు, లారీ లేదు, బోటు లేదు. వచ్చినదేదైనా ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: చివరిసారి ఎప్పుడు మాట్లాడావు, ఎంతసేపు మాట్లాడకపోతే కంగారుపడాలి, పడితే ఎవరెవరికి చెప్పాలి. ఫోన్ చేయడం, ఎత్తకపోతే ఇంకొకరికి చేయడం, ఎత్తేదాకా పచ్చరంగు వేయకుండా ఉండడం, అవన్నీ ఒక్కచోట ఒక్కసారి రాశాను. గుంట తన జవాబులు తను చెబుతుంది, బోటు తనవి తను చెబుతుంది. బోటు వంతు వచ్చినప్పుడు మూడో ప్రశ్న దగ్గర వేళ్లు ఆగాయి. ఆ ప్రశ్న ముందే ఉండుంటే, దాని దగ్గర నేను అప్పుడే ఆగేవాణ్ని. కాపీ కొట్టినదాంట్లో ఆగాల్సిన చోటు ఉండదు, అన్నీ నిండే వస్తాయి. యజమాని అన్న మాట తీసేసి, ఒడ్డున ఉన్న మనిషి అని పెట్టాను.

పాత మూడు ఫైళ్లూ తుడిచేశాను. గుంటకున్న లైసెన్సు కూడా పోయింది. డబ్బాను పెరట్లో పెట్టి, కావాలనే ఆపి, ముందు అక్క ఫోను మోగడం, అక్క ఎత్తకపోతే పెద్దాయన ఫోను మోగడం చూసుకున్నాను. పెద్దాయన రెండుసార్లు తిట్టాడు. రెండూ అందాయి కాబట్టి టెస్టు సరిగ్గా జరిగినట్టే.

బావ బోటు బాగై, మర్నాడు వేటకు పోతారనగా, డబ్బా తీసుకుని అక్క దగ్గరికి వెళ్లాను. పెరట్లో చేపలు తోముతోంది. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

"అక్కా, ఇప్పుడు ముందు నీకే ఫోనొస్తుంది. నువ్వెత్తకపోతే పెద్దయ్యకు పోతుంది. ఎవరో ఒకరు ఎత్తేదాకా మోగుతానే ఉంటుంది."

"ఊ."

"అచ్చం నీ తాడు మాదిరే చేసినా. గుంటకైనా లారీకైనా బోటుకైనా ఒకటే. ఏది పోయినా, వచ్చిందా రాలేదా, రాకపోతే ఎవరికి చెప్పాలి. అంతే. ముందు మూడుచోట్ల మూడుసార్లు రాసుండాను, అందుకే ఒకచోట దిద్ది ఒకచోట మర్చిపోయినా. ఇప్పుడు మర్చిపోవడానికి రెండోచోటే లేదు."

"గడువు నాలుగు గంటలేనా?"

"కాదక్కా. ఎండ గడప దాటే వేళ. నువ్వు పెట్టిందే పెట్టినా."

ఆవిడ చేతులు కడుక్కుని డబ్బా అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. బావ గోడకు ఆనుకుని, ఏమీ విననట్టు వల ముడులు చూసుకుంటున్నాడు. నాకు కాస్త ధైర్యం వచ్చింది. తన పద్ధతే నా ప్రోగ్రాములో ఉందన్న సంగతి ఆవిడకు ఇంకా బాగా అర్థమయ్యేలా చెప్పాలనిపించింది, ఇంకో రెండు ముక్కలు చెప్పాను కూడా. ఆవిడ మొత్తం విన్నది.

"ఇదంతా చెయ్యను ఎన్నాళ్లు పట్టింది?"

"ఎక్కువేం కాదక్కా. ఒకటిన్నర రోజు."

డబ్బా ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

"ఒకటిన్నర రోజు పనికి మీ బావ కొట్టుకుపోవాల్సొచ్చిందా నీకు?"